ఆఖరి పదహారు పేజీలు

దుర్గాపూర్ కాలరీ, చాందా
18 నవంబరు 1956

చిరంజీవి సౌభాగ్యవతి పద్మకు,

దసరాకు నువ్వు పార్సిలు చేసిన నవల చేరిందని ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు. తప్పు నాది కాదు, పరాంకుశంగారిది. "పదకొండో తాళంచెవి" చేతికొచ్చిన నాటి నుంచి ఎవరికీ ఉత్తరం రాయలేదు. రెండుసార్లు పప్పు మాడబెట్టాను. మీ అన్నయ్య బొత్తాం లేని చొక్కాతోనే గనికి పోయి హాజరు రాసుకుని వస్తున్నారు.

ఏం మనిషే ఆయన! నువ్వు మా తమ్ముడికి భార్యవు కాకముందు, కరీంనగరంలో పక్కపక్క ఇళ్ళలో ఉండగా, మనం నాన్న గ్రంథాలయం నుంచి తెచ్చుకుని పాడుకున్న పిల్లల పాటల పుస్తకం ఆయనదే. నా పెళ్ళిలో వేసిన ప్రహసనం చూసి నువ్వు నవ్వి నవ్వి పొలమారావే, అదీ ఆయనదే. ఛందస్సు మీద కూడా ఏదో రాశాడట. ఇప్పుడు గోదావరి ఒడ్డున ఒక పెద్దింట్లో, తాళం వేసిన గదిలోంచి మాయమైన వడ్డాణం గురించి మూడు వందల పేజీలు రాసి, ఒక్క చోటా ఊపిరి తిప్పుకోనివ్వలేదు. హత్య లేదు, పోలీసు లేడు. అత్తగారు వసారాలో నడుస్తుంటే ఆమె మొలలో పది తాళంచెవుల చప్పుడు, అంతే. పదకొండోది ఎవరు చేయించారన్నదే కథ. ఒక రాత్రి ఆ చప్పుడు హఠాత్తుగా ఆగిపోతుంది చూడు, అక్కడ నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

ఒక్కదాన్నే చదవలేక, మధ్యాహ్నం పూట మా వరండాలో కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. మగవాళ్ళు గనిలోకి దిగాక ఈ కార్మికుల ఇళ్ళ వరసల్లోని ఆడవాళ్ళు ఇరవై మంది దాకా వస్తున్నారు. అందరూ మన కరీంనగరం, ఆదిలాబాదు వైపు వాళ్ళే. మాట్లాడటం తెలుగు, చదవడం ఎవరికీ రాదు. వాళ్ళ పిల్లలు బడిలో మరాఠీ నేర్చుకుంటున్నారు. గంగవ్వ అనే ఆమె మొదటి రోజే, "గా చిన్నకోడలే తీసింది, రాసుకోన్రి" అని తీర్పు చెప్పేసింది.

అక్కడే చిక్కొచ్చింది. మా వరసలో ఆగమ్మ అని ఉంది. దీపావళి ముందర ఆమె వెండి కడియాలు పోయాయి. కోడలు ఐలమ్మ మీద అనుమానం. వంటలు వేరయ్యాయి. కొడుకు మొగిలి గనిలో బొగ్గు కొడతాడు. మెత్తనివాడు. రోజూ తల్లితో పడలేక, ఈ డిసెంబరు దాటగానే భార్యను మంథనిలో తల్లిగారింట దించి వస్తానంటున్నాడు. దించి వస్తే మళ్ళీ తెచ్చుకుంటాడని ఇక్కడెవరికీ నమ్మకం లేదు. అత్తాకోడళ్ళిద్దరూ కథకు వస్తారు. వరండాకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. గంగవ్వ అన్న మాటకు ఆగమ్మ గట్టిగా, "మా ఇంట్ల కథ లెక్కనే ఉన్నది" అంది. ఐలమ్మ లేచి పోలేదు. తల వంచుకుని నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పంపిన పుస్తకంలో 288వ పేజీ తర్వాత అట్టే ఉంది! ఆఖరి పదహారు పేజీలు కుట్టడం మరిచినట్టున్నారు. ఇరవై మంది ఆడవాళ్ళు నా మెడ మీద కూర్చున్నారు. సుల్తాన్ బజారు గ్రంథాలయంలో ఒక ప్రతి ఉందన్నావు కదా. ఆ పేజీలు కాపీ చేసి పంపు. ఒక్క అక్షరం మారకూడదు.

అమ్మకు నమస్కారాలు చెప్పు. తమ్ముడికి ఆశీస్సులు.

నీ వదిన
కాంతమ్మ


హైదరాబాదు
29 నవంబరు 1956

వదినకు,

నమస్కారాలు. మాడిన పప్పు తిన్న అన్నయ్యకు నా సానుభూతి విడిగా తెలియజెయ్యి.

నీ ఉత్తరం ఎనిమిది రోజులకు చేరింది. మీ ఊరు మధ్యప్రదేశ్ పోయి బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది కదా, కవరు కూడా బొంబాయి చూసుకుని వచ్చినట్టుంది. ఇక్కడ మా సంగతి వేరు. కర్నూలు నుంచి ఆఫీసులన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. ఇళ్ళు లేవు. మన ముందు గది అద్దెకిస్తామని మీ తమ్ముడు ఆఫీసులో ఎవరితోనో అన్నారు. అప్పటి నుంచి రోజుకొకరు తలుపు తడుతున్నారు. అత్తమ్మ ఒక్కొక్కరినీ గుమ్మంలో నిలబెట్టి ఎంతమంది పిల్లలు, ఉల్లిపాయ తింటారా, రాత్రి దీపం ఎన్ని గంటలకు ఆర్పుతారు అని అడుగుతున్నది. ఇప్పటికి పదిమంది ఫెయిలయ్యారు.

పరాంకుశంగారి గురించి నువ్వు రాసిందంతా నిజం. నేను ఆ నవల రెండుసార్లు చదివాను. మొదటిసారి దొంగ కోసం, రెండోసారి ఆయన మనల్ని ఎక్కడెక్కడ మోసం చేశాడో పట్టుకోవడానికి. పట్టుకోలేకపోయాను. అంతా కళ్ళ ముందే పెట్టాడు, చూడనిది మనమే.

మూడు మధ్యాహ్నాలు గ్రంథాలయంలో కూర్చుని నువ్వడిగిన పేజీలు కాపీ చేశాను. ఇందులో పెడుతున్నాను. అచ్చులో పదహారు, నా చేతిలో పంతొమ్మిది అయ్యాయి. నా అక్షరాలు లావు కదా. ఉన్నది ఉన్నట్టు రాశాను. చేతిరాత తప్ప ఇందులో నాదంటూ ఏమీ లేదు. ఒట్టు కావాలంటే పెడతాను, కానీ అన్నిటికీ ఒట్లెందుకు?

చదివినప్పుడు ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు రాయి. ముఖ్యంగా ఆ ఆగమ్మ.

నీ
పద్మ


దుర్గాపూర్ కాలరీ, చాందా
16 డిసెంబరు 1956

పద్మకు ఆశీస్సులు.

పూసగుచ్చమన్నావు కదా, విను.

పోయిన సోమవారం చదివాను. ఇరవై మంది కాదు, నలభై మంది వచ్చారు. చివరి రోజని ఎవరో చెప్పినట్టున్నారు. ఊరి వాళ్ళ ముందర చిన్నకోడల్ని నిలబెట్టిన చోటు దాకా అచ్చు పుస్తకంలోంచి చదివి, నీ కాగితాలు తీశాను. అత్తగారు పంచాయతీ మధ్యలో లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి పోయి, ఊయల బల్ల కింద కట్టి దాచిన వడ్డాణం విప్పి తెచ్చి కోడలి ఒళ్ళో పడేస్తుంది చూడు, పదకొండో తాళంచెవి అసలు లేనే లేదని అప్పుడు అర్థమై వరండా అంతా నా మీదికి జరిగింది. "తాళాలు నీ మొలకు పోయిన్నాడు నన్నెవరు పిలుస్తారే? అమ్మా, ఫలానా గది తియ్యమని ఎవరొచ్చి అడుగుతారు?" అని ఆమె అన్న మాట నేను రెండోసారి చదవాల్సి వచ్చింది. మొదటిసారి నా గొంతు సరిగ్గా పలకలేదు.

ఆగమ్మ లేచి నిలబడింది. "ఇగ సాలు తియ్యి. ఏం కతలో ఏందో" అని చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు గడప దాటలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మొగిలి పరుగెత్తుకొచ్చాడు. కడియాలు దొరికాయి! జొన్నల గుమ్మిలో, అడుగున. ఆగమ్మే చెయ్యి పెట్టి తీసిందట. అందరం పోయి చూశాం. ఆమె నడిమధ్య కూర్చుని ఉంది.

"ఎలుకలు గుంజుకపోయినయి" అంది.

ఒక్కో కడియం నా మణికట్టంత లావుంది. గంగవ్వ నోరు ఊరుకోదు కదా. "మా ఇంట్ల ఎలుకలు జొన్నలే తింటయి. మీ ఇంటియి వెండి గూడ తింటయా, ఆగవ్వా?" అంది. నేను గంగవ్వ తొడ గిల్లాను. "పెద్ద ఎలుకలు. నేను సూసిన" అంది ఆగమ్మ, రెప్ప వెయ్యకుండా. ఐలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వుతున్నది. భుజాలు అదిరిపోతున్నాయి.

సాయంత్రానికి పొయ్యి ఒక్కటైంది. మంథని ప్రయాణం ఆగింది. నిన్న బొగ్గు ఏరుకొచ్చే దారిలో ఆగమ్మ నన్ను ఆపి, "గా రాసినాయన ఏ ఊరాయన?" అని అడిగింది.

పద్మా, పరాంకుశంగారికి ఎంత మొక్కినా తీరదు. మిగతా పుస్తకమంతా ఒకెత్తు, ముగింపు ఒకెత్తు. అక్కడికొచ్చేసరికి భాష కూడా కాస్త మారిందనిపించింది. మన ఇళ్ళలో మాట్లాడుకున్నట్టు ఉంది. గోదావరి ఒడ్డు మనిషికి మన మాట ఎలా పట్టుబడిందో!

నీ వదిన
కాంతమ్మ


హైదరాబాదు
27 డిసెంబరు 1956

వదినకు నమస్కారాలు.

ఎలుకల సంగతి చదివి గదిలో తలుపేసుకుని నవ్వాను. అత్తమ్మ బయటి నుంచి "ఏమైందే?" అని మూడుసార్లు అడిగింది.

గొప్ప రచయితలు అలాగే రాస్తారులే. మాటలు ఎక్కడెక్కడివో ఏరుకొస్తారు. "నన్నెవరు పిలుస్తారే" అన్న చోటేనా నీ గొంతు ఆగింది? ఇంకెక్కడైనా ఆగిందా? ఊరికే అడుగుతున్నాను. ఊయల బల్ల సంగతి ఎవరైనా ముందే పట్టేశారా?

ఒక్క మనవి. ఆ కాగితాలు ఇంకెవరికీ ఇవ్వకు. గ్రంథాలయం పుస్తకం కాపీ చేసినట్టు తెలిస్తే బాగుండదు. వీలైతే చింపి పారెయ్యి.

నీ
పద్మ


దుర్గాపూర్ కాలరీ, చాందా
20 జనవరి 1957

పద్మకు ఆశీస్సులు.

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

పరాంకుశంగారు వస్తున్నారు! బల్లార్షాలో తెలుగు సంఘం వాళ్ళు ఫిబ్రవరి మూడు, ఆదివారం నాడు సభ పెట్టారు. నాగపూరు వెళ్తూ ఒక పూట దిగుతారట. సంఘం కార్యదర్శి దేవన్న మీ అన్నయ్యకు తెలిసినవాడే. మా వరసల నుంచి పదిహేను మందిమి పాసింజరులో వెళ్తున్నాం. ఆగమ్మ అందరికంటే ముందు పేరిచ్చింది. ఆయన్ను ఒక మాట అడగాలట. ఏం మాటో నాకు చెప్పదట, ఆయనకే చెబుతుందట.

నేను కూడా ముగింపు గురించి నాలుగు మాటలు మాట్లాడాలని దేవన్న అంటున్నాడు. నీ కాగితాలు భద్రంగా ఉన్నాయి. వెంట తీసుకెళ్తాను.

నీ వదిన
కాంతమ్మ


హైదరాబాదు
30 జనవరి 1957

వదినా,

ఈ ఉత్తరం ఆదివారం లోపల నీకు అందాలని పోస్టాఫీసుకు నేనే పరుగెత్తాను. సభకు వెళ్ళకు. వెళ్ళినా నోరు విప్పకు. ఆగమ్మను ఆ దరిదాపులకు పోనివ్వకు.

ఆ ముగింపు ఆయనది కాదు. నాది.

నిజంగా కాపీ చెయ్యడానికే కూర్చున్నాను. రెండు పేజీలు ఒక్క అక్షరం మారకుండా రాశాను కూడా. అసలు పుస్తకంలో దొంగ చిన్నకోడలే. పంచాయతీలో ఒప్పుకుని, చీకట్లో రేవు మెట్లు దిగి గోదావరిలో కలిసిపోతుంది. ఆయన ఎంత గొప్పగా రాశాడంటే చదివినప్పుడు నేను ఏడ్చాను. కానీ కాపీ చేస్తుంటే ఆ పిల్ల మూడో మెట్టు దిగే చోట నా కలం ముందుకు పోలేదు. నేల మీద గీతలు గీస్తూ కూర్చుందని నువ్వు రాసిన ఐలమ్మే కళ్ళ ముందు కనిపించింది. దీన్ని నువ్వు పైకి చదివితే ఆ వరండాలో ఏమవుతుందో ఆలోచించాను. ఆ రెండు పేజీలు చింపేసి, అదే బెంచీ మీద కూర్చుని మొదటి నుంచి రాశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. నిజం చెప్పాలంటే అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. సిగ్గేస్తున్నది.

ఇప్పుడు ఆయన ముందు నిలబడి ఆయన రాయని ముగింపును నువ్వు పొగిడితే! సభ మధ్యలో! నా గతి సరే, నీ గతేమిటి? ఏదో ఒకటి చెయ్యి. జ్వరం తెచ్చుకో.

పద్మ


దుర్గాపూర్ కాలరీ, చాందా
5 ఫిబ్రవరి 1957

చిరంజీవి సౌభాగ్యవతి పద్మకు,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. సభ ఆదివారం అయిపోయింది. నాకు జ్వరం రాలేదు.

ఆయన సన్నగా, పొట్టిగా ఉన్నాడు. ఇన్ని రకాలు రాసిన మనిషి ఇంత చిన్నగా ఉంటాడా అనిపించింది. అరగంట బాగా మాట్లాడాడు. భయం పుట్టించడానికి దయ్యాలక్కర్లేదు, ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ పలకని ఒక్క సంగతి చాలన్నాడు. నేను లేచి, పుస్తకం చాలా బాగుందని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాను. దండలు అయిపోయాయి. అప్పుడు ఆగమ్మ తిన్నగా వేదిక మీదికి పోయింది.

"అయ్యా, గా ముసల్ది వడ్డాణం తానే దాసుకున్నదని నీకెట్ల ఎర్కైంది?"

ఆయన ముఖం చూడాల్సింది. "ఏ ముసలావిడమ్మా?" అన్నాడు.

"అరె, నీ ముసల్దే. ఊయల కింద దాసింది గద!"

ఆయన మా అందరి వంకా చూశాడు. పదిహేను మంది తలలూపారు. నేను ఆగమ్మ వెనక నిలబడి రెండు చేతులూ జోడించాను. ఏమర్థమైందో ఏమో, దగ్గాడు. "చాలా రోజులు ఆలోచించానమ్మా" అన్నాడు.

"ఆలోచిస్తె ఎర్కయ్యేది కాదు అది. నీ పెండ్లాం చెప్పిందా?"

"ఆ... అవును. ఆవిడే చెప్పింది."

"గట్లను" అని ఆగమ్మ ఆయన చేతిలో రెండు జొన్నరొట్టెల మూట పెట్టి దిగి వచ్చింది.

స్టేషన్‌లో ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. దాచలేదు, అన్నీ చెప్పి కాగితాలు ఇచ్చాను. నాగపూరు రైలుకు గంట కొట్టినా తల ఎత్తలేదు. దేవన్న ఆయన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. కిటికీలోంచి, "ఈ చేతిరాత ఎవరిది?" అని అరిచాడు. నేను నీ పేరూ చిరునామా అంతకంటే గట్టిగా అరిచాను. కాగితాలు ఆయనతోనే పోయాయి.

ఇక నా నేరం వంతు. ఆ పుస్తకంలో పేజీలేవీ తగ్గలేదు. పదహారూ నా ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో ఉన్నాయి. నా కూరగాయల కత్తితో నేనే కోశాను. చివర ముందే చదివే పాడు అలవాటు నాకుందని నీకు తెలుసు కదా. చదివాను. ఇది ఐలమ్మ ముందర ఎలా చదవనని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మార్చి చెబుదామంటే నాకు కల్పించడం రాదు. నాకు తెలిసినవాళ్ళలో అది వచ్చింది నీకొక్కదానికే. కానీ వారపత్రిక వాళ్ళు నీ కథలు రెండు తిప్పి పంపితే, తమ్ముడు ఆ చీటీ భోజనాల దగ్గర పైకి చదివి నవ్వాడనీ, నువ్వు కాగితాలన్నీ నీళ్ళ పొయ్యిలో పెట్టావనీ అమ్మ రాయించింది. ఒక ముగింపు రాసిపెట్టమని అడిగితే "నాకు రాదు వదినా" అనేదానివి. కాపీ చెయ్యమంటే ఎందుకనవు? అందుకే ఐలమ్మ సంగతి అంత వివరంగా రాశాను. నువ్వు బుద్ధిగా కాపీ చేసి పంపి ఉంటే, పోస్టులో పోయిందని చెప్పేదాన్ని.

పంతొమ్మిది పేజీలు వచ్చినప్పుడు నేనూ తలుపేసుకుని నవ్వాను. ఇప్పుడు నన్ను తిట్టు.

నీ వదిన
కాంతమ్మ


హైదరాబాదు
3 మార్చి 1957

వదినా,

తిట్టడానికే కూర్చున్నాను కానీ ముందు జరిగింది చెప్పనీ.

పోయిన ఆదివారం పదింటికి తలుపు చప్పుడైంది. మీ తమ్ముడు తీశారు. గొడుగుతో ఒక పొట్టిమనిషి. కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసరనుకుని మీ తమ్ముడు ముందు గది చూపించారు, కిటికీ తెరిచి గాలి చూపించారు, పెరట్లోకి తీసుకెళ్ళి కొళాయి తిప్పి చూపించారు. ఆయన అన్నిటికీ తలూపాడు. నీళ్ళు ఏ వేళకు వస్తాయని కూడా అడిగాడట. అత్తమ్మ వచ్చి "ఉల్లిగడ్డ తింటరా?" అంటే, "ఇష్టంగా తింటానండీ, కానీ నేను పద్మగారి కోసం వచ్చాను. నా పేరు పరాంకుశం" అన్నాడు. నేను గరిటె చేతిలో పట్టుకునే వంటింట్లోంచి బయటికి వచ్చాను.

చాప మీద కూర్చుని, జేబులోంచి నా కాగితాలు తీశాడు. నిండా పెన్సిలు గుర్తులు. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊయల బల్ల కింద వడ్డాణం కట్టారు. ఊగినప్పుడల్లా మోగదూ? ఇంటిల్లిపాదికీ మొదటి రోజే తెలిసిపోయేది" అన్నాడు.

నాకు తోచనే లేదు వదినా! నలభై మంది ఆడవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు!

"మళ్ళీ అచ్చు వేసినప్పుడు నా ముగింపు మార్చను" అన్నాడు తర్వాత. "నేను కట్టిన ఆ ఇంట్లో ఆ పిల్ల బతకదు. అది నాకు తెలుసు. కానీ ఆ ముసలావిడకు మూడు వందల పేజీల్లో తాళాల చప్పుడు తప్ప నేనేమీ ఇవ్వలేదు. అది ఈ పంతొమ్మిది పేజీలు చదివేదాకా నాకు తట్టలేదు. మీ ముగింపుకు నా నవల చాలదమ్మా. దానికి మీరే వేరే నవల రాయాలి."

మీ తమ్ముడు గోడకానుకుని నిలబడి ఉన్నారు. ఆయన ముఖం వంక చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. మెల్లగా లోపలికి వెళ్ళి, నాకని ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి పెట్టారు. పెళ్ళయిన ఏడేళ్ళలో ఇది మొదటిసారి.

అప్పుడు పరాంకుశంగారు అడిగాడు. "ఆవిడ మనసు మీకెలా తెలిసింది?"

నేనేం చెప్పను? పక్కనే అత్తమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి ఖాళీ చేశాను. అత్తమ్మ తల ఎత్తకుండానే అంది.

"నన్ను సూసి రాసింది. ఇంకెవర్ని సూస్తది?"

"మీకు చదివి వినిపించిందా?" అన్నాడాయన.

"నాకెందుకు వినిపిస్తది! అది పెదవులు కదుపుకుంట రాస్తది. లోపల్నించి మాట బయటికే వస్తది, దానికి ఎర్క లేదు. కాయితాలు ఇంటికి తెచ్చి పోస్టుల వేసే ముందు మళ్ళ దిద్దింది గద, అప్పుడు విన్న. తాళాలు పోతె నన్నెవరు పిలుస్తరన్నది... గా మాట నేను మా ఆయన పోయిన నెల అన్నది. ఇది పొయ్యికాడ ఉండె. విన్లేదనుకున్న."

నేను విన్నాను వదినా. విన్న సంగతి నాకే గుర్తులేదు.

పరాంకుశంగారు లేచి అత్తమ్మకు నమస్కారం పెట్టి, నాకు పెట్టకుండా, నీళ్ళు బాగానే వస్తాయని మీ తమ్ముడికి చెప్పి వెళ్ళిపోయాడు.

నేను మొదలుపెట్టాను. నలభై పేజీలయ్యాయి. పెద్దిల్లు లేదు, గోదావరి లేదు. ఒక చిన్న ఇల్లు, ఒక ముందు గది, అందులో దిగడానికి వచ్చి మాయమైన ఒక మనిషి. మధ్యాహ్నం నేను రాయడానికి కూర్చోగానే అత్తమ్మ తన పీట దగ్గరికి జరుపుకుని కూరగాయలు ముందేసుకుంటున్నది. నేను పెదవులు బిగించుకుని రాస్తే, "ఏమిటికి ఊకున్నవ్?" అంటున్నది.

నిన్న ఇంట్లోని ముసలామె గురించి రాస్తున్నాను. కాస్త దయగా, ఎవరూ నొచ్చుకోకుండా రాసుకుంటూ పోతున్నాను. పక్క నుంచి కత్తిపీట చప్పుడు ఆగింది.

"ముసల్దాన్ని గంత మంచిదాన్ని చెయ్యకు. ఎవ్వలు నమ్మరు" అంది అత్తమ్మ.

ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాశాను.

నీ
పద్మ